తొట్టిలో ఎవరి చెయ్యి

జ్యేష్ఠ బహుళ తదియ. రేవులో నీరు ఐదో మెట్టు.

తొట్టి వెచ్చగా ఉంది. పులుపు సరిపోయింది. ఉదయం మేత: తవుడు రెండు శేర్లు, బెల్లపు మడ్డి ఒక శేరు.

సూక్ష్మజీవులను పెంచే చిన్న జీవశాల నడిపే ప్రతి యజమానీ రోజూ సొంత చేత్తో ఇంత రాయాలని నిబంధన. పుటలో ఖాళీ వదలకూడదని కూడా నిబంధన. మేతా పులుపూ రాశాక సగానికి పైగా పుట మిగులుతుంది. ఆ మిగిలిన చోట జరిగినదేదో రాస్తాను. అబద్ధం రాయను.

ఈ ఉదయం తాయారు మళ్ళీ తొమ్మిదో మెరకకు వెళ్ళింది. సముద్రం వచ్చాక నీళ్ళపైన మిగిలిన ఎత్తు నేలలనే మెరకలంటాం; మాది ఏడోది. ఈ వారంలో ఇది మూడోసారి. తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని వెళ్ళింది. మా తొట్టి దగ్గరికి వచ్చేటప్పుడు మాత్రం జుట్టు ముడేసుకుని, పాత లంగా ఓణీతో వస్తుంది.

"ఎక్కడికి?" అన్నాను.

"నానమ్మ దగ్గరికి. నిన్న చెప్పాగా."

"నిన్న చెప్పింది నిన్నటికి."

"అమ్మమ్మా, పడవ వెళ్ళిపోతుంది."

పడవ వెళ్ళలేదు. ఈమె మెట్లు దిగేదాకా ఆగింది. తొమ్మిదో మెరకకు పోయే పడవలు ఎవరికోసమైనా ఆగుతాయి. అక్కడి మనుషులు అలా అలవాటు చేశారు.

తాయారు నా కూతురి కూతురు. పూర్తి పేరు మంగతాయారు. ఇప్పటి పిల్లలకు ముత్తవ్వల పేర్లు పెట్టడం పద్ధతి అయింది. మా తరంలో ఆడపిల్లలకు హన్వికలనీ మోక్షితలనీ పెట్టేవారు. ఇప్పుడు ఆ పేరు చెబితే చాలు, ఎదుటివాళ్ళు లేచి కుర్చీ ఇస్తారు. నా పేరు హన్విక. తొమ్మిదో మెరకలో ఉన్న ఆవిడ పేరు మోక్షిత. నా వియ్యపురాలు. తాయారుకు నానమ్మ.

ఆవిడదీ జీవశాలే. నాది నియతి, ఆవిడది వెన్నెల. ఆవిడా నేనూ ఒకే ఏడు, ఒకే విశ్వవిద్యాలయంలో సూక్ష్మజీవశాస్త్రంలో డాక్టరేటు చేశాం. చివరి మౌఖిక పరీక్ష రోజున ఆచార్యులు ఆవిడకు కాఫీ తెప్పించారు. నాకు తెప్పించలేదు. నా సిద్ధాంతగ్రంథంలో ఒక్క తప్పు కూడా లేదని మాత్రం అన్నారు.


జ్యేష్ఠ బహుళ షష్ఠి. నీరు మూడో మెట్టు.

తొట్టి బాగుంది. మేత మామూలే.

విత్తు నిధి ప్రకటన వచ్చింది. చిన్న జీవశాలల పరిశోధనకు ప్రభుత్వం ఏటా ఇచ్చే నిధి ఇది. నేను బియ్యం ఏరుతూ కూర్చున్నాను. తాయారు అర్హతలు చదివింది.

"మనుషులు పన్నెండుమందికి మించకూడదు. మనం ఆరుగురం. సగానికి పైగా వాటా మెరకల మీద కాపురం ఉండేవాళ్ళదై ఉండాలి. అంతా నీదే. ప్రధాన పరిశోధకులకు అరవై అయిదు దాటకూడదు."

"నాకెప్పుడో దాటింది. నీ పేరు రాయి."

"రాశాలే. తొట్టిలో చెయ్యి సగానికి పైగా ప్రధాన పరిశోధకులదే అయి ఉండాలి."

"నీదే కదా. రోజంతా అక్కడే ఉంటావు. ఉన్నప్పుడు."

తాయారు "ఊఁ" అంది. తల ఎత్తలేదు.

ఈ చేతి నిబంధన కొత్తది కాదు. వెనకటికి పెద్ద పెద్ద కంపెనీలు చిన్న జీవశాలల ముసుగు వేసుకుని, ఎక్కడో ఉన్న ఆచార్యుల పేర్లు అద్దెకు తెచ్చి, నిధులు పట్టుకుపోయాయి. అప్పటినుంచి ప్రభుత్వం కాగితాన్ని నమ్మడం మానేసింది. నేలలోని ఉప్పును మేసే సూక్ష్మజీవులే మేం పెంచే ఉప్పుమేత; అది చేత్తో కలిపితే గాని ముద్ద కట్టదు. తొడుగులు వేసుకుంటే నీళ్ళలాగే ఉండిపోతుంది. కలిపినవాళ్ళ అరచేతి మీద బతికే సూక్ష్మజీవులు అందులోకి దిగి, దానితో కాపురం పెడతాయి. తొట్టిలో కాస్త తీసి పరీక్షిస్తే ఎవరి చెయ్యి ఎంతో తేలిపోతుంది. పేరు అద్దెకు దొరుకుతుంది గాని చెయ్యి దొరకదు.

నిరుడు మా దరఖాస్తుకు అర్హత వచ్చింది, నిధి రాలేదు. జాబితాలో మా పైపేరు దగ్గర డబ్బు అయిపోయింది. ఆ పైపేరు వెన్నెల. నిరుడు మిగిలిపోయినవాళ్ళకు ఈ ఏడు మొదటి వరస, అర్హత నిలబడితే చాలు. నిలబడకపోతే, వరసగా రెండేళ్ళు నిధి లేని జీవశాల తన తొట్టిని జిల్లా నిల్వకు అప్పగించాలి. అక్కడ దాన్ని సీసాల్లో పోసి, చీటీ అంటించి, చల్లని గదిలో పెడతారు.

పదిహేడేళ్ళుగా పెంచుతున్నాను. సముద్రం వచ్చి వెళ్ళిన నేలమీద మా ఉప్పుమేత పరిచిన తరువాతనే ఏడో మెరక తూర్పు చెక్కలో నిరుడు మొదటిసారి వరి పండింది. అన్నం కాస్త ఉప్పగా ఉంది. జనం పులుసులో ఉప్పు తగ్గించుకుని తిన్నారు. ఎవరూ వంక పెట్టలేదు.


జ్యేష్ఠ బహుళ ఏకాదశి. నీరు నాలుగో మెట్టు.

పులుపు కొంచెం ఎక్కువ. సున్నపుతేట వేసి సరిచేశాను.

తాయారు తొమ్మిదో మెరకనుంచి గోంగూర పచ్చడి తెచ్చింది. వాళ్ళ నేలలో ఇప్పుడు గోంగూర వస్తోందట, కుండీలో కాదు, నేలలో. రుచి చూశాను. వెల్లుల్లి ఎక్కువ వేసింది ఆవిడ. మళ్ళీ ఒకసారి చూశాను. ఎక్కువే.

తాయారు అరచేతి గీతల్లో పచ్చదనం ఉంది. మా ఉప్పుమేత ఇటుక రంగు. పచ్చరంగు వెన్నెల తొట్టిది.

"రోజంతా అక్కడ ఏం చేస్తావు?"

"నానమ్మ పైతొట్టి నాకు వదిలేసింది. నా ఇష్టమొచ్చినట్టు చేసుకోమంది."

"పాడైతే?"

"పాడైతే పారబోసి మళ్ళీ వేద్దాం అంటుంది."

"పారబోయడానికి అదేమన్నా కడుగునీళ్ళా?"

"నేనూ అదే అన్నాను. నవ్వింది."

"నిధి వచ్చినవాళ్ళకు నవ్వు కూడా వస్తుంది."

తాయారు నావైపు చూసి, "నీకు నానమ్మంటే ఎందుకమ్మమ్మా అంత మంట?" అంది. మంట లేదన్నాను. ఈ పుటలో అబద్ధం రాయనన్నాను గాని, నోటితో చెప్పనని అనలేదు.

నాకు తోచినది ఇది. నిరుటి నిధితో వేయించిన గాజు కప్పూ, కొన్న కొత్త యంత్రమూ ఎరచూపి ఆవిడ పిల్లను మెల్లగా తనవైపు లాక్కుంటోంది. కొన్నాళ్ళకు తాయారు చెయ్యి మా తొట్టిలో పలచబడుతుంది. అప్పుడు మాకు అర్హత పోతుంది, తొట్టి పోతుంది, పిల్ల కూడా పోతుంది. ఆవిడ మాత్రం "అయ్యో వదినగారూ" అని ఏదో ఒక పచ్చడి పంపుతుంది.


జ్యేష్ఠ అమావాస్య. నీరు ఆరో మెట్టు, ఏడో మెట్టు తడిసింది.

అర్హతలు తేల్చే పడవ వచ్చింది. అధికారి పేరు నూకరాజు. శ్రీకాకుళంవైపు మనిషి, ముప్ఫై దాటి ఉండవు. అదే పడవలోంచి మోక్షిత కూడా దిగింది. పట్టుచీర, చేతిలో డబ్బా.

"మన మనవరాలి పరీక్ష కదా వదినగారూ, చూసిపోదామని వచ్చాను. కజ్జికాయలు చేశానండీ."

మన మనవరాలు. పురిటి రోజులనుంచి ఈ పిల్లను సాకింది నేను. దీని అమ్మానాన్నలు సముద్రపు కట్ట మీద ఇంజనీర్లు; ఆరు నెలలకోసారి వస్తారు. పళ్ళు వచ్చినప్పుడు జ్వరానికి మేలుకున్నది నేను. ఈవిడ పండక్కి వచ్చి గాజులు తొడిగి పోయేది. పిల్లకు గాజులే గుర్తు.

నూకరాజు ఆవిడను చూసి నవ్వాడు. నిరుడు ఆవిడ ఇంట్లో భోంచేశాడట. నా కాగితాలు తిప్పి చూశాడు. తొట్టి మీదినుంచి చిన్న గరిటెతో కాస్త తీసి తన పెట్టెలో పెట్టాడు.

"అయిపోనాదండమ్మా. కాగితాలు అద్దంలా ఉన్నాయి. పైపరీక్ష సరిపోద్ది."

మోక్షిత తాయారు భుజంమీద చెయ్యి వేసి ఏదో చెవిలో చెప్పింది. తాయారు నవ్వింది. నా దగ్గర ఆ నవ్వు ఎప్పుడు నవ్విందో గుర్తురాలేదు.

"పైపరీక్ష చాలదు. లోతు పరీక్ష చెయ్యండి," అన్నాను.

నూకరాజు నన్నూ తొట్టినీ మార్చి మార్చి చూశాడు. "ఎందుకండీ ఆ గొడవ? ఎవుళూ అడగరది."

"నేను అడుగుతున్నాను. మా తొట్టికీ, వెన్నెల పైతొట్టికీ, రెండింటికీ. మా ప్రధాన పరిశోధకురాలి చేతిని ఎవరు ఎంత వాడుకుంటున్నారో రాతపూర్వకంగా తేలాలి. పైతొట్టి నమూనా మీ పడవలో ఉండే ఉంటుంది. నిధి తీసుకున్నవాళ్ళ నమూనాలు మూడు నెలలకోసారి మీకు వస్తాయి కదా."

"ఉందండి. కానీ ఓ మాట. యజమాని నోటితో లోతు పరీక్ష అడిగితే మేం చెయ్యాల్సిందే. వచ్చినదే రాస్తాం. మళ్ళా ఒద్దంటే కుదర్దు."

"అమ్మమ్మా, వద్దులే," అంది తాయారు. ముఖం పాలిపోయింది. చూశారా, అనుకున్నాను. భయపడుతోంది.

"నేను మాట మార్చే మనిషిని కాను," అన్నాను.

మధ్యాహ్నానికి ఫలితం వచ్చింది. నూకరాజు అందరి ఎదుటా చదివాడు.

"వెన్నెల పైతొట్టి. మంగతాయారు గారి చెయ్యి నూటికి తొంభై. మోక్షిత గారిది తొమ్మిది. ఓ పాలు మనిషిది కాదండి. పిల్లిదై ఉంటాది."

"మా బూడిదగాడే! మూత తీసి ఉంటే ఆగడు వెధవ," అని మోక్షిత నవ్వింది. నేను ఆవిడ తొమ్మిదిని చూసి సంతోషించాను. ఆ సంతోషం నూకరాజు కాగితం తిప్పేంతసేపే.

"నియతి తొట్టి. హన్విక గారిది ఎనభై మూడు. మంగతాయారు గారిది పదకొండు."

ఈసారి మోక్షిత కూడా నవ్వలేదు.

"పొరపాటు. పని చేసేది ఆ పిల్ల. నేను పగలు తొట్టి దగ్గరికే పోను," అన్నాను.

"తెల్లారి మొదట చెయ్యి పెట్టేది ఎవులండి?"

"నేను. స్నానం చేసి, ఎవరితోనూ మాట్లాడకముందు. ఏ రోజూ తప్పలేదు."

"అదేనండి. తొట్టి ఆకలి మీద ఉన్నప్పుడు పడిన చెయ్యే అడుగున నిలబడిపోద్ది. తరవాత ఎవులు ఎంతసేపు కలిపినా పైపైనే." గొంతు తగ్గించాడు. "పైపరీక్షలో అమ్మాయిగారి చెయ్యి సగం దాటిందండి. అక్కడితో ఆగుంటే అయిపోయేదండి."

ఆకలిమీద పడిన చెయ్యి నిలుస్తుందన్న సంగతి నేను పాఠం చెప్పినదే. అనర్హత కాగితం మీద సంతకం చేసి తీసుకున్నాను. కజ్జికాయలు పనివాళ్ళకు పంచాను.


ఆషాఢ శుద్ధ విదియ. నీరు ఐదో మెట్టు.

తొట్టి బాగుంది. ఎవరి చెయ్యి ఎంత ఉన్నా దానికి మేత మామూలే.

రెండు రోజులు తాయారు పెడముఖంగా తిరిగింది. ఈ రోజు నేనే అడిగాను.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"ఎందుకు చెప్పలేదు?"

"ఏం చెప్పను? సాయంత్రం నేను సున్నం వేసి వెళ్తే, తెల్లారి నువ్వు చూసి, తక్కువైందని మళ్ళీ వేస్తావు. మేత కలిపితే ఉండ కట్టిందని తీసేసి మళ్ళీ కలుపుతావు. నేను చేసింది ఒక్క పూట ఉండనిచ్చావా? నేను తొమ్మిదో మెరకకు పోయేది గాజు కప్పు చూడటానికనుకున్నావా?"

"ఉండ కట్టిన మాట నిజం."

"కడితే కట్టింది! కరగదా అమ్మమ్మా, కాసేపటికి?"

కరుగుతుంది. కాని ఉండ కనబడుతూ ఉండగా చెయ్యి పెట్టకుండా ఎలా వెళ్ళడం?

ఒక అవకాశం ఉంది. వచ్చే అమావాస్యకు మలిపరీక్ష అడగవచ్చు, ఒక్కసారే. అదీ లోతు పరీక్షే. నెల రోజులు తెల్లవారి చెయ్యి మారితే అడుగు కూడా మారుతుంది. అందుకు తాయారు తెల్లవారి తొట్టి దగ్గర ఉండాలి. నేను ఉండకూడదు.

దరఖాస్తు పెట్టాను.


ఆషాఢ శుద్ధ షష్ఠి. నీరు మూడో మెట్టు.

మొదటి ఉదయం తొట్టి గదివైపు చూడకుండా కూర్చున్నాను. రెండో ఉదయం గుమ్మంలో నిలబడి చూశాను, లోపలికి పోలేదు. ఈ ఉదయం తాయారు లేచేసరికి నేను తొట్టి పక్కన ఉన్నాను. మోచేతి దాకా తడి. ఎప్పుడు వెళ్ళానో, ఎప్పుడు పెట్టానో నాకు తెలియలేదు.

తాయారు అరవలేదు. తువ్వాలు ఇచ్చింది. "ఇలా అయితే పోతుంది అమ్మమ్మా," అంది. అంతే.

గది తాళం తాయారుకు ఇవ్వవచ్చు. మారు తాళం ఎక్కడుందో నాకు తెలుసు. దాన్ని నీళ్ళలో పడేస్తే తలుపు మడతబందు ఊడదీయడం కూడా తెలుసు. నేను ఈ మెరక మీద ఉండకూడదు.

ఈ చుట్టుపక్కల నన్ను అమావాస్య దాకా ఉంచుకోగల ఇల్లు ఒక్కటే ఉంది.


ఆషాఢ శుద్ధ సప్తమి. తొమ్మిదో మెరక. ఇక్కడి మెట్ల మీద అంకెలు వేయలేదు.

అడగడం నాకు రాదు. చెప్పడం వచ్చు. పెట్టె గుమ్మంలో దించి, "నేను అమావాస్య దాకా ఇక్కడ ఉంటాను," అని చెప్పాను.

"అమ్మయ్య! ఇన్నాళ్ళకి దయ కలిగిందా వదినగారూ," అంటూ మోక్షిత పెట్టె తానే అందుకుంది. లోపలినుంచి ఆవిడ చిన్నకోడలు వచ్చి కాళ్ళకు నీళ్ళిచ్చింది. వెన్నెల పెద్దతొట్టి ఈ కోడలి చేతిదే. వెన్నెలకు నిధి దానిమీదే వచ్చింది.

"ఇంకొక మాట. ఈ నెలంతా తాయారు ఇక్కడికి రాకూడదు. ఉదయం, సాయంత్రం అది మా తొట్టి దగ్గరే ఉండాలి."

మోక్షిత చేతిలో పెట్టె అలాగే ఉండిపోయింది. "నెలంతానా? ఒక్క పూట కూడానా?"

"ఒక్క పూట కూడా."

ఆవిడ ముఖంలో నవ్వు పోయింది. నలభై ఏళ్ళుగా ఎరిగిన ముఖం, అలా ఎన్నడూ చూడలేదు. నాకు బాగుంది. రాసుకుంటున్నాను: బాగుంది.


ఆషాఢ పౌర్ణమి. నీరు ఎంతో ఇక్కడ ఎవరూ చూడరు.

తొట్టి వివరాలు తాయారు రోజూ పడవలో చీటీ పంపుతుంది. దానిమీదే ఈ రాత.

ఇక్కడ తొట్టికి మూత వెయ్యరు, తొట్టిగదికి తలుపు ఉండదు. ఎవరు పడితే వారు వచ్చి ఏదో ఒకటి చేసి పోతారు. మేత కొలవరు, పిడికిలితో వేస్తారు. బూడిదగాడు మోక్షిత ఒడిలో పడుకుంటాడు, లేచి తొట్టి అంచు మీద నడుస్తాడు. నిధి ఇచ్చినవాళ్ళు ఇది చూశారా అనిపించింది. చూశారు. భోంచేసి వెళ్ళారు.

నన్ను ఎవరూ ఏ పనీ చెయ్యమనరు. నాకు గాజు కప్పు కింద పడక కుర్చీ వేశారు. వాన పడితే ఆ గాజు మీద చప్పుడే ఉండదు. మా రేకుల కింద మనిషి మాట మనిషికి వినబడదు. గాజు మంచిదే.


ఆషాఢ బహుళ అష్టమి.

చీటీ వచ్చింది. "పులుపు హద్దు దాటింది. నురుగు కట్టింది. ఏం చెయ్యాలో నాకు తెలుసు. రావద్దు."

నురుగు కట్టడమంటే సగం చచ్చినట్టు. పదిహేడేళ్ళలో రెండుసార్లు చూశాను. మొదట సున్నపుతేట కాదు, బూడిదనీళ్ళు పట్టాలి. అది తాయారుకు నేను చెప్పానా లేదా? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. చెప్పే అవసరం రాకుండా నేనే చేసుకుంటూ వచ్చాను.

చెప్పులు వేసుకుని రేవుకు దిగాను. పడవ రావడానికి ఇంకా సమయం ఉంది. వెనకనుంచి మోక్షిత వచ్చి పక్కన మెట్టు మీద కూర్చుంది. తడి మెట్టు, మంచి చీర. చూసుకోలేదు.

"వెళ్తారా?"

"నా తొట్టి."

"వెళ్ళండి. నేను ఆపను. కాని ఒకటి చెప్తాను, కోపం తెచ్చుకోకండి. ఆ పిల్ల మా ఇంటికి వచ్చిన మొదటి రోజు మా తొట్టి చూసి ఏమందో తెలుసా? 'ఇదేంటి నానమ్మా, ఇంత అసహ్యంగా ఉంచారు, మా అమ్మమ్మ చూస్తే చంపేస్తుంది' అంది. అన్నం దగ్గర అమ్మమ్మ. మేత దగ్గర అమ్మమ్మ. బూడిదగాడు తుమ్మితే కూడా అమ్మమ్మ. పైతొట్టి నేను ఊరికే ఇచ్చాననుకున్నారా? అదేదో ఇస్తే నన్ను కూడా నాలుగుసార్లు తలుస్తుందేమోనని ఇచ్చాను. అక్కడ కూర్చుని కూడా మీరు చేసినట్టే చేసింది. నాకు ఒళ్ళు మండిపోయేదండీ."

నేను ఆవిడవైపు తిరిగాను. ఆవిడ నీళ్ళవైపే చూస్తోంది. ఈసారి కూడా నవ్వుతోందేమోనని చూశాను. లేదు.

"మీకు మంటా?" అన్నాను.

"ఏం, నాకుండకూడదా? మీ ఒక్కరి సొత్తా అది?"

పడవ వచ్చింది. తొమ్మిదో మెరక మర్యాద ప్రకారం, ఎక్కుతామో లేదో తేల్చుకునేదాకా ఆగింది.

"బూడిదనీళ్ళ సంగతి దానికి తెలియదేమో," అన్నాను.

"తెలియకపోతే ఏదో ఒకటి పోసి చూస్తుంది. మీరు వెళ్తే మాత్రం మీరే పోస్తారు."

పడవవాడు, "అమ్మగారూ, ఏం చెయ్యమంటారు?" అన్నాడు.

పొమ్మన్నాను. అది మలుపు తిరిగేదాకా నిలబడే ఉన్నాను. తొట్టి చచ్చిపోతే ఈ తేదీన చచ్చిపోయిందని, రాగలిగి ఉండి యజమాని రాలేదని, నా చేత్తో రాయవలసి వస్తుంది.


ఆషాఢ బహుళ దశమి.

చీటీ: "నురుగు తగ్గింది. మొదట సున్నపుతేట పోశాను, ఎక్కువైంది. తరవాత పొయ్యిలో బూడిద కలిపాను. ఎందుకో తోచింది. రంగు కొంచెం పాలిపోయింది. బతికే ఉంది."

ఈ చీటీ మోక్షితకు నేనే చదివి వినిపించాను. ఇద్దరం రెండుసార్లు చదువుకున్నాం. "చూశారా, నా పెంపకం," అన్నాను. "పోనిద్దురూ, పైతొట్టిలో రెండుసార్లు చంపాక వచ్చిన తెలివి అది," అంది ఆవిడ.


ఆషాఢ అమావాస్య. ఏడో మెరక. నీరు ఏడో మెట్టు.

ఉదయం పడవకు ఇంటికి వచ్చాను. తొట్టి ఇటుక రంగు కాదు ఇప్పుడు. ఉడికించిన చిలగడదుంప లోపలి రంగు. గుమ్మం దాటలేదు.

నూకరాజు ఈసారి నేరుగా లోతునుంచి తీశాడు. మధ్యాహ్నం చదివాడు. మంగతాయారు గారిది అరవై తొమ్మిది. హన్విక గారిది ఇరవై ఒకటి. మిగతాది పనివాళ్ళది.

"అర్హత ఉందండమ్మా. నిరుడి వరస మీదే కాబట్టి నిధి ఖాయం అనుకోండి."

తాయారు కూలబడి ఏడ్చింది. నేను తల నిమరబోయి, చేతులు తొట్టికి దగ్గరవుతాయేమోనని ఆగి, బయటికి పిలిచి అక్కడ నిమిరాను.

ఎనభై మూడు పోయి ఇరవై ఒకటి అయింది. అది తగ్గాలనే మూడు వారాలకు పైగా ఊరుగాని ఊళ్ళో ఉన్నాను. తగ్గింది. తొట్టి నాకు దక్కింది. ఆ అంకె మాత్రం నాకు నచ్చలేదు. నా మనవరాలి మీద ఇది నాకు మొదటి అసూయ. మోక్షిత మీద అసూయ పాతది, అలవాటైనది. ఇది ఇంకా చేతికి రాలేదు.


శ్రావణ శుద్ధ పంచమి. నీరు నాలుగో మెట్టు.

మేత, పులుపు: ఇకమీదట ప్రధాన పరిశోధకురాలు రాస్తుంది. నేను మిగతా సగం రాస్తాను.

నిధి ఉత్తర్వు వచ్చింది. అందులో ఒక వెసులుబాటు ఉంది. పనిలో మూడోవంతు దాకా బయటి జీవశాలకు అప్పగించవచ్చు. ఎవరికన్నది ప్రధాన పరిశోధకుల ఇష్టం. యజమాని సంతకం చెయ్యాలి. తాయారు రాసి తెచ్చిన కాగితంలో వెన్నెల జీవశాల, డాక్టర్ మోక్షిత అని ఉంది.

"ఆ యంత్రం నానమ్మ దగ్గరే ఉంది అమ్మమ్మా. అడుగు పొర, పై పొర విడదీసి చూడాలంటే అది కావాలి."

"నాకేం పని?"

"నువ్వు యజమానివి కదా."

"యజమాని అంటే సంతకం పెట్టే మనిషి అన్నమాట."

"సంతకం పెట్టే మనిషీ, తప్పులు చెప్పే మనిషీ. కాని నేను అడిగాక చెప్పాలి."

సంతకం పెట్టాను.


శ్రావణ శుద్ధ షష్ఠి. నీరు మూడో మెట్టు.

మోక్షిత పనికి వచ్చింది. పట్టుచీరే. రెండు చేతులూ చాపుకుంటూ నేరుగా తొట్టిగదిలోకి నడిచింది, వాళ్ళింట్లోలాగా.

"నానమ్మా, ఆగు. చేతులు కడుక్కున్నావా?" అంది లోపలినుంచి తాయారు.

"పడవలోనే కడుక్కున్నానమ్మా."

"పడవలో ఉప్పునీళ్ళు. అది కడుక్కోవడం కాదు. వేపనీళ్ళు అక్కడున్నాయి. మోచేతుల దాకా. గాజులు తీసి."

"గాజులు కూడానా?"

"గాజులే ముందు."

మోక్షిత గాజులు తీసి నా చేతికి ఇచ్చింది. కడుక్కుని వచ్చింది. తాయారు వెలుతురులో అరచేతులు తిప్పి చూసి, "ఇదేంటి, బూడిదగాడి వెంట్రుక. మళ్ళీ కడుగు," అంది.

ఆ గొంతు ఎక్కడిదో నాకు తెలుసు. మోక్షితకూ తెలుసు. వేపనీళ్ళ తొట్టి మీదికి వంగి, ఎర్రబడ్డ చేతులు రుద్దుకుంటూ, ఆవిడ నావైపు కొరకొరా చూసింది.

నేను గుమ్మంలో, ఆవిడ గాజులు ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. మూడుసార్లు కడిగించింది. లెక్కపెట్టాను.